సుంకం గీత, పొగ గీత: ట్రక్కుల మార్కెట్‌పై మీ ప్రశ్నలు

అమెరికాలో 2025 నవంబరు 1 నుంచి దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం అమల్లోకి వచ్చింది. అక్కడే 2027 మోడల్ ఇంజిన్లకు పొగ పరిమితి బాగా బిగుస్తోంది. ఐరోపాలో యూరో-7 అనే కొత్త పొగ ప్రమాణం తేదీలు ఖరారయ్యాయి. వీటి మీద వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఎంచి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: సుంకం 25 శాతం అన్నారు కాబట్టి లక్ష డాలర్ల ట్రక్కు లక్షా పాతిక వేలు అవుతుందా? మెక్సికోలో బిగించిన బండికీ, అమెరికాలో బిగించిన బండికీ తేడా ఎంత?

జవాబు: సుంకం పడేది షోరూమ్ ధర మీద కాదు, సరిహద్దులో కస్టమ్స్‌కు చూపే విలువ మీద. డీలరు లాభం, ఆ తర్వాత బిగించే బాడీ అందులోకి రావు. పైగా మెక్సికో, కెనడాల నుంచి వచ్చే ట్రక్కు మూడు దేశాల వాణిజ్య ఒప్పందం నిబంధనలకు సరిపోతే, అందులో అమెరికాలో తయారైన భాగాల విలువ తీసేసి మిగతాదాని మీదే సుంకం కట్టే వీలుంది. దీనికి దిగుమతిదారు మోడల్‌వారీగా వాణిజ్య శాఖకు పత్రాలిచ్చి ఆమోదం తెచ్చుకోవాలి. అమెరికా వాటాను ఉన్నదానికంటే ఎక్కువ చూపించినట్టు తేలితే మొత్తం విలువ మీద సుంకం పడుతుంది.

ఒక ఊహా లెక్క చూడండి. కస్టమ్స్ విలువ 1,20,000 డాలర్లు, అందులో అమెరికా భాగాల వాటా 55 శాతం అనుకుందాం. మిగిలిన 54,000 డాలర్ల మీద 25 శాతం, అంటే 13,500. మొత్తం విలువతో పోలిస్తే 11.25 శాతమే. ఒప్పందం పరిధిలోకి రాని దేశం నుంచి అదే విలువ గల బండి వస్తే 30,000 కట్టాలి. అయితే చాలామంది మరిచిపోయే మెలిక ఒకటుంది. అమెరికాలో 33,000 పౌండ్లకు మించిన బరువు ట్రక్కుల తొలి అమ్మకం మీద 12 శాతం ఫెడరల్ ఎక్సైజ్ పన్ను ఉంది. అది అమ్మకపు ధర మీద లెక్కేస్తారు. తయారీదారు సుంకాన్ని పూర్తిగా ధరలో కలిపితే, కొనేవాడి మీద పడేది 13,500 కాదు, 15,120. సుంకం మీద మళ్లీ పన్ను కడుతున్నట్టే.

మెక్సికోలో బిగించే బరువు ట్రక్కుల్లో అమెరికా వాటా తక్కువేమీ కాదు. ఫ్రైట్‌లైనర్ బండ్లు సాల్టిల్లో, సాంటియాగో టియాంగ్విస్టెంకో ప్లాంట్లలో, ఇంటర్నేషనల్ బండ్లు ఎస్కొబెడోలో తయారవుతాయి. వాటిలోకి వెళ్లే ఇంజిన్లలో చాలావరకు అమెరికావే. డెట్రాయిట్ బ్రాండు ఇంజిన్లు మిషిగన్ నుంచి, కమిన్స్ కంపెనీ ఎక్స్15 న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్ నుంచి వస్తాయి. బండి మొత్తం ఖరీదులో ఇంజిన్, పొగ శుద్ధి వ్యవస్థ పెద్ద భాగం కాబట్టి అవి ఎక్కడివన్నదే ఇక్కడ కీలకం.

ఇక అమెరికాలోనే బిగించిన బండి చవకగా ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. 2025 జూన్ నుంచి దిగుమతి ఉక్కు, అల్యూమినియం మీద సుంకం 50 శాతానికి పెరిగింది. ఛాసిస్ దూలాలు, క్యాబిన్ రేకులు, చక్రాలు, ఇంధన ట్యాంకులు అన్నీ ఆ లోహాలే. దేశీయ తయారీదారుకు ఊరటగా అమెరికాలో బిగించిన ట్రక్కుల మొత్తం విలువలో 3.75 శాతానికి సమానమైన మొత్తాన్ని దిగుమతి భాగాల మీద కట్టాల్సిన సుంకంలోంచి తగ్గించుకోనిచ్చారు, 2030 వరకు. అయినా పోటీదారు ధర పెరిగినప్పుడు తన ధర పెంచకుండా ఊరుకునే కంపెనీ అరుదు. సుంకం అసలు ప్రభావం అక్కడే కనిపిస్తుంది. దిగుమతి బండి ధర పెరిగితే దేశీయ బండి ధర దాని నీడలో పెరుగుతుంది.

ప్రశ్న: చిన్న పికప్ ట్రక్కుల మీద 'చికెన్ ట్యాక్స్' ఉందని విన్నాను. కోడికీ ట్రక్కుకీ ఏమిటి సంబంధం?

జవాబు: 1960ల మొదట్లో ఐరోపా ఆర్థిక సమాజం దేశాలు అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచాయి. బదులుగా అమెరికా 1963 డిసెంబరులో దిగుమతి అయ్యే బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీలతోపాటు తేలిక ట్రక్కుల మీద 25 శాతం వేసింది. మిగతావి కాలక్రమంలో తగ్గాయి. ట్రక్కుల సుంకం మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రయాణికుల కారుకు చాలాకాలం 2.5 శాతం, సరుకు బండికి 25 శాతం. ఈ పదిరెట్ల తేడా బండి ఆకారాన్నే మార్చేసింది. సుబారు బ్రాట్ అనే పికప్ వెనక తొట్టిలో రెండు సీట్లు బిగించుకుని వచ్చింది, ప్రయాణికుల బండి అనిపించుకోవడానికి. ఫోర్డ్ ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లు వెనక సీట్లతో ఓడ దిగి, కస్టమ్స్ దాటాక సీట్లు తీసేయించుకుని సరుకు వ్యాన్లుగా అమ్ముడయ్యాయి. ఆ వివాదం 2024లో 36.5 కోట్ల డాలర్ల చెల్లింపుతో ముగిసింది. మెర్సిడెస్ స్ప్రింటర్ వ్యాన్లను జర్మనీలో విడదీసి దక్షిణ కరొలైనాలో మళ్లీ బిగించేవారు. తయారీ లెక్కల్లో దీన్ని ఎవరూ సమర్థించలేరు. సుంకం లెక్కలో మాత్రం లాభమే.

ప్రశ్న: కొత్త పొగ ప్రమాణం వచ్చే ముందు అమ్మకాలు ఉవ్వెత్తున లేచి, వచ్చాక పడిపోతాయంటారు. ఎందుకు? 2027కు ముందు కూడా అదే జరుగుతుందా?

జవాబు: దీన్ని వ్యాపారంలో 'ప్రీ-బై' అంటారు, అంటే ముందస్తు కొనుగోలు. పెద్ద రవాణా సంస్థకు రెండు భయాలు. ఒకటి ధర. రెండోది కొత్త ఇంజిన్ మొదటి ఏడాది పెట్టే ఇబ్బందులు. రెండోదే పెద్దది. బండి రోడ్డు పక్కన ఆగిపోతే పోయే కిరాయి ముందు ధరలోని పెరుగుదల చిన్నదిగా కనిపిస్తుంది.

అమెరికాలో ఇది రెండుసార్లు స్పష్టంగా జరిగింది. పరీక్షలో ఒకలా, హైవే మీద మరోలా నడిచేలా ఇంజిన్ కంప్యూటర్లను అమర్చారన్న ఆరోపణపై ఏడు డీజిల్ ఇంజిన్ కంపెనీలు 1998లో ప్రభుత్వంతో రాజీ కుదుర్చుకున్నాయి. దాని ప్రకారం 2004 ప్రమాణాన్ని 2002 అక్టోబరుకే అందుకోవాల్సి వచ్చింది. ఆ గడువుకు ముందు పాత ఇంజిన్ల కోసం ఎగబడ్డారు. తర్వాత 2007లో మసి ఫిల్టర్ తప్పనిసరి అయింది. 2006లో బరువు ట్రక్కుల అమ్మకాలు శిఖరానికి చేరి, మరుసటి ఏడాది కుప్పకూలాయి, ప్లాంట్లలో ఉద్యోగాలు పోయాయి. 2010 ప్రమాణానికి ముందు అంత ఊపు రాలేదు, అప్పటికి ఆర్థిక మాంద్యం కమ్ముకుంది.

ఈ చివరి ముక్క గుర్తుంచుకోవాలి. ముందస్తు కొనుగోలుకు డబ్బు కావాలి, అప్పు దొరకాలి, సరుకు ఉండాలి. కిరాయిలు బలహీనంగా ఉన్న సమయంలోనే సుంకం ధరను పెంచితే, నిబంధన భయం ఎంతున్నా ఆర్డర్లు రావు. మా అంచనాలో 2027 గడువు విషయంలో సుంకం, పొగ నిబంధన ఒకదాన్నొకటి వెనక్కి లాగుతున్నాయి. ఒకటి 'ఇప్పుడే కొను' అంటుంటే మరొకటి 'ఇప్పుడు ధర ఎక్కువ' అంటోంది. ఎక్కువ దెబ్బ తగిలేది భాగాల సరఫరాదారుకు. ఎన్ని షిఫ్టులు నడపాలో ఆరు నెలల ముందే నిర్ణయించుకోవాల్సింది ఆయనే.

గీత ఏ తేదీ మీద గీశారన్నది మరో కీలకం. అమెరికాలో లెక్కలోకి వచ్చేది ఇంజిన్ మోడల్ సంవత్సరం, బండి రిజిస్ట్రేషన్ తేదీ కాదు. కాబట్టి 2027 మోడల్ ట్రక్కులో 2026 ఇంజిన్ చట్టబద్ధంగానే ఉండొచ్చు. అయితే మామూలుగా చేతిలో ఉండే నిల్వ వాడుకోవచ్చు తప్ప, ప్రమాణాన్ని తప్పించుకోవడానికి పాత ఇంజిన్లు పోగేయకూడదు. భారత్‌లో 2017లో గీత అమ్మకం మీద పడింది. పాత పొగ ప్రమాణమైన బీఎస్-3 (భారత్ స్టేజ్-3) బండ్ల అమ్మకం ఏప్రిల్ 1 నుంచి కుదరదని సుప్రీంకోర్టు మార్చి 29న తేల్చింది. అప్పటికి అమ్ముడుపోని బండ్లు 8 లక్షలకు పైనే, అందులో వాణిజ్య వాహనాలు సుమారు 96 వేలు. తయారీ తేదీ చాలనుకున్న కంపెనీలు ఉన్న కొద్ది గంటల్లో భారీ తగ్గింపులతో వదిలించుకోవాల్సి వచ్చింది. ప్రమాణం అంకె మారలేదు, తేదీని చదివిన తీరు మారింది, అంతే.

ప్రశ్న: పొగ నిబంధన వల్ల బండిలో అసలు ఏం పెరుగుతుంది? పాడయ్యేది ఏది?

జవాబు: ఇంజిన్‌లో వేడి పెరిగితే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, మసి తగ్గుతుంది. వేడి తగ్గిస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గి మసి పెరుగుతుంది. రెండింటినీ ఒకేసారి తగ్గించమనే సరికి శుభ్రం చేసే పని ఇంజిన్ బయటికి, సైలెన్సర్ ఉండే చోటికి వెళ్లింది. పొగ వెళ్లే వరస ఇది: మొదట ఆక్సిడేషన్ కేటలిస్ట్, తర్వాత మసిని పట్టే డీపీఎఫ్, తర్వాత యూరియా ద్రావణం చిమ్మే నాజిల్, ఆ వెనక యూరియా సాయంతో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఎస్‌సీఆర్ కేటలిస్ట్, చివర మిగిలిన అమోనియాను పట్టే పొర. ముందూ వెనకా నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సర్లు, ఉష్ణోగ్రత సెన్సర్లు, పీడనం చూసే సెన్సర్ ఉంటాయి.

డీపీఎఫ్‌లో చేరేవి రెండు, వాటిని కలిపి చూడకూడదు. మసి కాలిపోతుంది. హైవే మీద లోడుతో నడుస్తుంటే దానంతటదే కొంత కాలుతుంది. లేకపోతే ఇంజిన్ అదనపు డీజిల్ పంపి పొగను దాదాపు 600 డిగ్రీల సెల్సియస్‌కు చేర్చి కాలుస్తుంది, దాన్నే రీజెన్ అంటారు. బూడిద మాత్రం కాలదు. అది ఇంజిన్ ఆయిల్‌లోని లోహ సంకలితాల నుంచి వస్తుంది. ఫిల్టర్ విప్పి యంత్రంతో ఊదించాలి. కంపెనీ చెప్పిన తక్కువ బూడిద ఆయిల్ వాడకపోతే ఈ పని మామూలు కంటే ముందే వస్తుంది. రీజెన్లు తరచుగా అవుతున్నాయంటే వెంటనే ఫిల్టర్ మార్చేయకండి. ఇంజెక్టర్ కారడం, టర్బో ఆయిల్ వదలడం, పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వ్యవస్థ కూలర్ పగలడం వల్ల మసి ఎక్కువవుతోందేమో ముందు చూడాలి. ఫిల్టర్ చాలాసార్లు ఫలితం మాత్రమే, కారణం ఎగువన ఉంటుంది.

యూరియా ద్రావణంలో యూరియా 32.5 శాతం ఉండాలి. ఆ నిష్పత్తిలోనే అది అన్నిటికంటే తక్కువ ఉష్ణోగ్రతలో, మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ద్రావణం గాఢత కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో నిమిషంలో చూడొచ్చు. 25 డిగ్రీల దగ్గర నిల్వ ఉంచితే ఏడాదిన్నర, 35 డిగ్రీలైతే ఆరు నెలలే. రాగి, ఇత్తడి, జింకు పూత పాత్రలు తగలనివ్వొద్దు, ఆ లోహాల ఆనవాలు చాలు కేటలిస్ట్ దెబ్బతినడానికి. ఎక్కువసేపు ఐడ్లింగ్‌లో ఉండే బండిలో పొగ చల్లగా ఉండి, చిమ్మిన యూరియా నాజిల్ దగ్గర తెల్లటి గడ్డలుగా పేరుకుంటుంది. నగర పంపిణీ బండ్లకు ఇదే పెద్ద బాధ.

అమెరికా 2010 ప్రమాణం హార్స్‌పవర్-గంటకు 0.20 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు. 2027కు అది 0.035. చల్లని పొగను కూడా శుభ్రం చేయాలి కాబట్టి యూరియాను రెండు చోట్ల చిమ్మడం, 48 వోల్టుల ఆల్టర్నేటర్‌తో నడిచే హీటర్, కొన్ని సిలిండర్లు ఆపేసి మిగతావాటిని వేడిగా ఉంచడం వంటి మార్గాలు తీసుకుంటున్నారు. ధరను ఎక్కువగా పెంచేది ఈ సామగ్రి కాదు. 2022లో ఖరారైన నిబంధనలో పొగ వ్యవస్థ వారంటీ బరువు ఇంజిన్లకు లక్ష మైళ్ల నుంచి 4,50,000 మైళ్లకు పెరిగింది. అన్నేళ్ల రిపేరు ఖర్చును తయారీదారు ముందే ధరలో వేసుకోవాలి. 2025 మార్చిలో అమెరికా పర్యావరణ సంస్థ ఈ నిబంధనను తిరిగి చూస్తామని ప్రకటించాక అందరి కళ్లూ వారంటీ మీదే ఉండటానికి కారణం అదే.

యూరియా లోపం వస్తే బండి పవర్ ఒక్కసారిగా పడిపోవడంపై కూడా 2025 ఆగస్టులో అమెరికా మార్గదర్శకం మార్చింది. బరువు ట్రక్కుల్లో మొదటి 650 మైళ్లు లేదా 10 గంటలు హెచ్చరిక దీపం మాత్రమే, ఆపై స్వల్పంగా పవర్ తగ్గింపు. తీవ్రమైన వేగ పరిమితికి 4,200 మైళ్లు లేదా రెండు పని వారాల గడువు. పాత బండికి ఇది దానంతటదే రాదు, తయారీదారు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేయించుకోవాలి.

ప్రశ్న: పొగ ప్రమాణాల వల్ల ఇంజిన్ కంపెనీలే కనుమరుగైన సందర్భాలున్నాయా?

జవాబు: ఉన్నాయి. క్యాటర్‌పిల్లర్ ఒకప్పుడు అమెరికా హైవే ట్రక్కు ఇంజిన్లలో అగ్రశ్రేణి పేరు. 2010 ప్రమాణం అందుకునే ఇంజిన్ చేయబోమని 2008లో ప్రకటించి ఆ మార్కెట్ వదిలేసింది. నావిస్టార్ కథ ఇంకా బాధాకరం. మిగతావాళ్లంతా యూరియా మార్గం పట్టగా, తాము మాత్రం పొగను ఇంజిన్‌లోకి తిప్పి పంపే ఈజీఆర్‌తోనే 2010 ప్రమాణం సాధిస్తామంది. అందుకోలేక, అంతకు ముందు ప్రమాణం కంటే తక్కువ పొగ వదిలి కూడబెట్టిన క్రెడిట్లతో నెట్టుకొచ్చింది. క్రెడిట్లు తగ్గిపోతుంటే, ఇంజిన్‌కు గరిష్ఠంగా 1,919 డాలర్ల జరిమానా కట్టి అమ్ముకునే వెసులుబాటును 2012 జనవరిలో పర్యావరణ సంస్థ ఇచ్చింది. పోటీదారులు కోర్టుకెళ్లారు. జూన్‌లో కోర్టు దాన్ని కొట్టేసింది. జులైలో నావిస్టార్ యూరియా మార్గానికి మళ్లి, కమిన్స్ ఇంజిన్లు తీసుకుంది. చివరికి 2021లో ఫోక్స్‌వాగన్ గుంపులోని ట్రేటన్ ఆ కంపెనీని కొనేసింది. డబ్బు పెట్టి ప్రమాణం అందుకున్నవాళ్లు, అందుకోనివాడికి సడలింపు ఇస్తే ఊరుకోరు. నిబంధన రద్దవుతుందన్న నమ్మకంతో ప్రణాళిక వేసుకునే కంపెనీలు ఈ భాగం రెండుసార్లు చదవాలని మా మనవి.

ప్రశ్న: యూరో-6 సెకండ్‌హ్యాండ్ ట్రక్కులు చవకగా దొరుకుతున్నాయి. డీజిల్ నాణ్యత తక్కువగా ఉన్న దేశానికి తీసుకెళ్తే నడుస్తాయా?

జవాబు: కొంతకాలం నడుస్తాయి, తర్వాత ఆగుతాయి. యూరో-6 బండికి గంధకం 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది) మించని డీజిల్ కావాలి. వందల పీపీఎం గంధకం ఉన్న డీజిల్ పోస్తే ఆక్సిడేషన్ కేటలిస్ట్ విషమెక్కుతుంది, మసిని కాల్చే శక్తి పోతుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది. అందుకే భారత్ బీఎస్-6కు మారినప్పుడు 2020 ఏప్రిల్ 1 నుంచి బండితోపాటు డీజిల్‌ను కూడా 50 నుంచి 10 పీపీఎంకు తెచ్చింది. రిఫైనరీ సిద్ధం కాని చోట ప్రమాణం కాగితం మీదే ఉంటుంది. ఏ దేశానికి ఏ ట్రక్కు వెళ్తుందో సుంకం కంటే ముందు డీజిల్ నిర్ణయిస్తుంది.

పొగ వ్యవస్థ మొత్తం పీకేసి సాఫ్ట్‌వేర్ మార్చి నడపడం ఒక దారి అని కొందరు సలహా ఇస్తారు. అమెరికా, ఐరోపాల్లో అది చట్టవిరుద్ధం. అలాంటి బండిని తిరిగి అమ్మాలంటే కొనేవాడు భాగాలన్నీ తిరిగి వేయించుకునే ఖర్చు తగ్గించుకుని ధర అడుగుతాడు.

ప్రశ్న: ఐరోపా ఎలక్ట్రిక్ ట్రక్కుల వైపు, అమెరికా దానికి ఎదురుగా వెళ్తున్నాయా?

జవాబు: నిబంధనల వరకు అవును. ఐరోపాలో తయారీదారు అమ్మే కొత్త బరువు వాహనాల సగటు కార్బన్ డయాక్సైడ్ 2025కు 15 శాతం, 2030కు 45, 2035కు 65, 2040కు 90 శాతం తగ్గాలి. తగ్గకపోతే జరిమానా తయారీదారుకే. అంటే డీజిల్ బండ్లు అమ్ముకోవడానికే ఎలక్ట్రిక్ బండ్లు అమ్మాలి. కొనేవాడి వైపు నుంచి జర్మనీ 2023 డిసెంబరు నుంచి టోల్‌లో టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 200 యూరోలు కలిపింది. ఏటా లక్ష కిలోమీటర్లు తిరిగే బండికి కొనుగోలు రాయితీ కంటే ఇదే బలంగా పనిచేస్తుందని మా అభిప్రాయం. బ్యాటరీ బరువు సరుకును మింగకుండా, ఉద్గారాలు లేని బండికి రెండు టన్నుల వరకు అదనపు బరువు అనుమతిస్తున్నారు. అమెరికాలో ఇది 2,000 పౌండ్లే (సుమారు 900 కిలోలు).

అమెరికాలో ఎలక్ట్రిక్ ట్రక్కుల వాటా తప్పనిసరి చేసిన కాలిఫోర్నియా నిబంధనకు ఇచ్చిన అనుమతిని 2025 జూన్‌లో కాంగ్రెస్ తీర్మానం ద్వారా రద్దు చేశారు. అది కోర్టుల్లో ఉంది. రెండు మార్కెట్లకూ ఒకే బండి చేద్దామనుకున్న కంపెనీలకు ఇది దెబ్బ. ఐరోపా కోసం చేసిన పెట్టుబడిని అమెరికా అమ్మకాలతో పంచుకోలేరు.

ప్రశ్న: మేం ఎనిమిది బండ్ల చిన్న సంస్థ. అమెరికాలో ఈ మధ్యలో కొత్త బండి ఆర్డరిస్తే ఒప్పందంలో ఏం చూసుకోవాలి?

జవాబు: మొదట ధర వాక్యం చదవండి. డెలివరీ నాటికి సుంకం మారితే ఆ తేడా ఎవరిదో రాసి ఉండాలి. 'సుంకం సర్‌ఛార్జ్' విడిగా చూపిస్తే, సుంకం తగ్గినప్పుడు అది కూడా తగ్గుతుందా అని అడిగి రాయించుకోండి. పెరగడానికి మాత్రమే వీలున్న వాక్యాలు మామూలుగా కనిపిస్తాయి. తర్వాత బిగించే ప్లాంట్ ఏదో అడగండి. ఒకే మోడల్ రెండు దేశాల్లో తయారవుతుంటుంది, బండి గుర్తింపు సంఖ్య (వీఐఎన్) మొదటి అక్షరం చూస్తే తెలుస్తుంది: 1, 4, 5 అయితే అమెరికా, 2 కెనడా, 3 మెక్సికో.

మూడోది ఇంజిన్ సంవత్సరం. డీలరు చెప్పే 'మోడల్ ఇయర్' బండిది. ఇంజిన్ మీద అతికించిన ఉద్గారాల లేబుల్‌లో ఇంజిన్ ఫ్యామిలీ కోడ్ ఉంటుంది. దాని మొదటి అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది: ఎస్ అయితే 2025, టీ అయితే 2026, వీ అయితే 2027. డెలివరీ రోజు బానెట్ ఎత్తి ఫొటో తీసుకోండి. వారంటీ ఏ నిబంధన ప్రకారం వర్తిస్తుందో, రేపు అమ్మేటప్పుడు ధర ఏ వరుసలో పలుకుతుందో ఆ ఒక్క అక్షరం మీదే ఉంటుంది.

ఎనిమిదీ ఒకేసారి మార్చకండి. రోజంతా హైవే మీద లోడుతో తిరిగే బండ్లకు కొత్త వ్యవస్థ తక్కువ ఇబ్బంది పెడుతుంది, ముందు వాటినే మార్చండి. నగరంలో ఆగి ఆగి తిరిగే వాటిని, మొదటి ఏడాది లోపాలకు తయారీదారు సాఫ్ట్‌వేర్ సవరణలు వచ్చేదాకా పాత వాటితోనే నడపండి. ఆ పాత బండ్ల కోసం నాక్స్ సెన్సర్లు రెండు, ఒక యూరియా నాజిల్ స్టాకులో పెట్టుకోండి. దిగుమతి భాగాల మీద కూడా సుంకం ఉంది. సెన్సర్లు, నాజిల్ రెండూ తరచుగా పోయేవే.